డెల్టా ఇంటికి సోలార్: ఎన్ని కిలోవాట్లు, ఎవరి సొమ్ము, లెక్క ఎవరి చేతిలో?

అమలాపురం నుంచి నరసాపురం దాకా ఏ ఊళ్లో అడిగినా సోలార్ అమ్మేవాళ్లు ముందు చెప్పే మాట ఒకటే: "3 కిలోవాట్లు పెట్టించండి, 78 వేలు సబ్సిడీ వస్తుంది." కొన్ని ఇళ్లకు అది సరైన సలహా. చాలా ఇళ్లకు మాత్రం అందులో మూడో కిలోవాటు దండగ. మన రాష్ట్రంలో కరెంటు రేటు స్లాబుల మీద నడుస్తుంది కాబట్టి మొదటి కిలోవాటు మిగిల్చే డబ్బుకీ, మూడోది మిగిల్చే డబ్బుకీ పొంతన ఉండదు. ముందు కొలవాలి, తర్వాత వాడకం తగ్గించాలి, ఆ తర్వాతే ప్యానెళ్ల మాట. ప్యానెళ్లు మనవే కావాలా, వేరొకరివైనా ఫర్వాలేదా అన్న ప్రశ్న ఆఖరున వస్తుంది. ఏ దారిలో వెళ్లినా యూనిట్ల లెక్క మాత్రం మన చేతిలో ఉండాలి.

మొదటి మెట్టు: పన్నెండు నెలల బిల్లులు

పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ప్రాంతమంతా ఈపీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) పరిధిలో ఉంది. సర్వీసు నంబరుతో వాళ్ల వెబ్‌సైటులో పాత బిల్లులు చూడొచ్చు. ఏడాదివన్నీ తీసి, నెలవారీ యూనిట్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క మే నెల బిల్లు చూసి నిర్ణయం తీసుకుంటే ప్లాంటు పెద్దదైపోతుంది. డిసెంబరు చూసి తీసుకుంటే చిన్నదైపోతుంది.

2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ వినియోగ స్లాబులు ఇవి: 30 యూనిట్ల వరకు యూనిట్ రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. మీ తాజా బిల్లులో రేట్లు వేరుగా ఉంటే వాటినే వాడండి, లెక్క పద్ధతి మారదు. స్థిర చార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం వీటికి అదనం.

నెలకు 300 యూనిట్లు కాలే ఇంటిని తీసుకుందాం. పై రేట్ల ప్రకారం కరెంటు చార్జీ సుమారు రూ.1,673. మన ప్రాంతంలో ఒక కిలోవాటు ప్యానెళ్లు సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు కాస్త ఎక్కువ, జులై, ఆగస్టు ముసురులో తక్కువ.

మొదటి కిలోవాటుతో 300 కాస్తా 180 అవుతుంది, చార్జీ రూ.747కు దిగుతుంది. మిగిలింది రూ.926. రెండో కిలోవాటుతో 180 కాస్తా 60, చార్జీ రూ.147. మిగిలింది రూ.600. మూడోది పెడితే ఆ 60 యూనిట్లకు రూ.147 మిగులుతుంది, ఇంకో 60 యూనిట్లు గ్రిడ్‌కు, అంటే డిస్కమ్ లైనుకు పోతాయి. మిగులు యూనిట్లకు మనం కొనే రేటు రాదు. యూనిట్ లెక్కన చూస్తే మొదటి కిలోవాటు విలువ రూ.7.70, రెండోది రూ.5, మూడోది రెండున్నర రూపాయల లోపు. ఈ మూడు అంకెలూ దగ్గర పెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తాయి.

సబ్సిడీ కూడా ఇదే దారిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.30 వేలు, మూడోదానికి రూ.18 వేలే. అక్కడితో ఆగిపోతుంది, 5 కిలోవాట్లు పెట్టినా 78 వేలే.

రెండో మెట్టు: ప్యానెళ్లకన్నా ముందు ఫ్యాన్లు

డెల్టాలో ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, ఏడాదిలో తొమ్మిది నెలలు ఫ్యాను ఆగదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లలో అదే గాలి ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 65 యూనిట్ల తేడా. అవి తగ్గేది పై స్లాబులోంచే. 300 యూనిట్ల ఇంట్లో ఆ 65 యూనిట్లూ రూ.8.75 రేటువి, నెలకు దాదాపు రూ.570. ఒక్కో ఫ్యాను మూడు వేలనుకున్నా చలికాలం తీసేస్తే రెండు, రెండున్నరేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. దీనికి డాబా అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, అద్దె ఇంట్లోవాళ్లు కూడా చేసుకోవచ్చు, ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లొచ్చు.

ఇప్పుడు ఆ ఇంటి వాడకం 235 యూనిట్లు. ఒక కిలోవాటు పెడితే 115కు దిగుతుంది, చార్జీ రూ.372. రెండోది పెడితే దాదాపు సున్నా. మూడోదాని అవసరమే లేదు. ఏసీ కొనబోతున్నా, కరెంటు స్కూటరు తీసుకోబోతున్నా ఆ యూనిట్లు ఇప్పుడే కలుపుకోండి, ఎందుకంటే తర్వాత ప్లాంటు పెంచాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

మూడో మెట్టు: సొంత కొలత

పైసా ఖర్చు లేని పద్ధతి ముందు. మీ మీటరు మీద ఒక ఎర్ర లైటు ఆరి వెలుగుతుంటుంది. పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. 3200 ఉన్న మీటర్లో నిమిషానికి 32 సార్లు వెలిగితే ఆ క్షణంలో ఇల్లు 600 వాట్లు లాగుతున్నట్టు. అన్నీ ఆపి, ఫ్రిజ్ ఒక్కటే వేసి లెక్కపెట్టండి. తర్వాత మోటారు, తర్వాత ఏసీ. ఒక సాయంత్రంలో ఏ వస్తువు ఎంత తింటుందో తెలిసిపోతుంది. అన్నీ ఆపినా లైటు వెలుగుతుంటే వైరింగులో లీకేజీ ఉందేమో, పక్క పోర్షన్ లైను మీ మీటరు నుంచి వెళ్తోందేమో చూడాలి.

రోజంతా కొలవాలంటే ఓపెన్ సోర్స్ దారి ఉంది. అంటే పరికరం డిజైను, ప్రోగ్రాము అందరికీ తెరిచి ఉంటాయి, ఎవరైనా బాగుచేయొచ్చు, నెలవారీ చందా ఉండదు. కాకినాడలో, భీమవరంలో, సూరంపాలెంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇది చేతిలో పని. మీ ఇంట్లో అలాంటి కుర్రాడో అమ్మాయో ఉంటే ఈ భాగం వాళ్లకు చూపించండి.

కావలసినవి: ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, పీజెమ్-004టీ కొలత మాడ్యూల్ (100 ఆంపియర్ల రకం, వైరు చుట్టూ తొడిగి కరెంటు కొలిచే సీటీ కాయిల్ విడిగా వచ్చేది), పాత ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై. బోర్డులో ఈఎస్‌పీహోమ్ అనే ఉచిత ప్రోగ్రాము, ల్యాప్‌టాప్‌లో ఆ లెక్కలు దాచి చూపే హోమ్ అసిస్టెంట్ వేస్తారు. కాయిల్‌ను మెయిన్ ఫేజ్ వైరు చుట్టూ తొడుగుతారు. ఓల్టేజీ తీగలు మాత్రం 230 ఓల్టులకు కలుస్తాయి కాబట్టి ఎలక్ట్రీషియన్‌తోనే, మెయిన్ ఆపి, చిన్న ఎంసీబీ పెట్టి బిగించాలి. ఇదంతా మీటరు తర్వాత, మన బోర్డులో జరగాలి. మీటరు సీలు జోలికి అస్సలు వెళ్లొద్దు, కేసు అవుతుంది.

ఒక చిక్కు ముందే చెప్పాలి. ఈ మాడ్యూల్‌కు కరెంటు ఎటు పోతోందో తెలియదు, ఎంత పోతోందో మాత్రమే తెలుస్తుంది. సోలార్ పెట్టాక పగలు కరెంటు బయటికి పోతుంటే అది కూడా మనం వాడుకున్నట్టే చూపిస్తుంది. అందుకని సోలార్ వచ్చాక దీన్ని సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) నుంచి వచ్చే లైనుకు మార్చి ఉత్పత్తిని కొలవండి. దిశ కూడా కావాలంటే వేల్స్ దేశంలో మొదలైన ఓపెన్ ఎనర్జీ మానిటర్ వాళ్ల డిజైన్లు చూడండి. మీటరు లైటు మీద అంటించి వెలుగులు లెక్కపెట్టే సెన్సారు కూడా వాళ్ల దగ్గర ఉంది. తీగ తాకే పనే లేదు, అద్దె ఇళ్లకు అదే మేలు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఇన్వర్టర్లతో వచ్చే వైఫై డాంగిల్ మీ లెక్కలన్నీ తయారీదారు సర్వరుకు పంపి, వాళ్ల యాప్‌లోనే చూడమంటుంది. ఆ సర్వీసు ఆగినా, అమ్మిన ఏజెన్సీ మూతపడినా, లాగిన్ వాళ్ల దగ్గరే ఉన్నా మీ డాబా మీద ఏం జరుగుతోందో మీకే తెలియదు. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి. యాప్ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ రాసివ్వరు.

నాలుగో మెట్టు: డాబా చూడటం

కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. మనం 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం, ప్యానెళ్లు దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు చాలు.

కోనసీమలో అసలు సమస్య కొబ్బరి చెట్టు. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు, నీడ కనబడదు. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలిపోతాడు. అప్పుడు డాబా కన్నా 10 మీటర్లు ఎత్తున్న చెట్టు మిట్టమధ్యాహ్నం కూడా ఎనిమిది మీటర్లకు పైగా నీడ పరుస్తుంది, ఉదయం, సాయంత్రం ఇంకా ఎక్కువ. వేసవిలో సర్వేకు వచ్చినవాళ్లు "నీడే లేదండీ" అని వెళ్లిపోతారు. దక్షిణం, ఆగ్నేయం, నైరుతి వైపుల్లో ఏ చెట్లు ఉన్నాయో మీరే చూసుకోండి. పక్కవాళ్ల దొడ్లో పెరుగుతున్న మొక్కలు కూడా. ప్యానెళ్లన్నీ వరుసగా కలిసి ఉంటే ఒక మట్ట నీడ ఒక ప్యానెల్ మీద పడినా ఆ వరుస ఉత్పత్తి దెబ్బతింటుంది. నీడ తప్పని చోట ప్యానెల్‌కు ఒకటి చొప్పున మైక్రో ఇన్వర్టర్లు అడగండి, ఖర్చు పెరుగుతుంది. నీడ రోజులో సగం ఉంటే మాత్రం ఆ డాబాను వదిలేయడమే మంచిది. చెట్టు కొట్టేయమని నేను చెప్పను.

అంతర్వేది, ఉప్పాడ, నరసాపురం తీరంలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. స్టాండుకు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) కనీసం 80 మైక్రాన్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి ఉండాలి. ప్యానెళ్లకు ఐఈసీ 61701 ఉప్పుగాలి పరీక్ష పత్రం అడగండి. సైట్‌లో కోసి, వెల్డింగు పెట్టి, పెయింటు పూసే స్టాండు వద్దు. తుప్పు మొదలయ్యేది ఆ అతుకు దగ్గరే.

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు. మన కోస్తాకు ఐఎస్ 875 ప్రమాణం చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. స్టాండు ఆ వేగానికి లెక్కగట్టినట్టు ఇంజనీరు సంతకంతో కాగితం తీసుకోండి. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఎనిమిది అడుగుల ఎత్తు స్టాండు వేయించుకుంటున్నారు చాలామంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. తీరం దగ్గరైతే పొట్టి స్టాండే క్షేమం.

లంక గ్రామాల్లో ఇన్వర్టరును వరద మట్టానికి పైన, వీలైతే పై అంతస్తులో పెట్టించండి. మండపేట, రామచంద్రపురం వైపు రైస్ మిల్లుల ఊక బూడిద ప్యానెళ్ల మీద పొరలా పేరుకుంటుంది, అక్కడ వారానికోసారి కడగాల్సి వస్తుంది, డాబా మీద కుళాయి ఉండాలి. పాత పెంకుటిళ్లకు, మండువా లోగిళ్లకు దూలాలు చూడకుండా ప్యానెళ్లు ఎక్కించొద్దు.

ఐదో మెట్టు: ఎవరి సొమ్ము

ఇక్కడ నాలుగు దారులు ఉన్నాయి.

సొంతంగా కొనడం మొదటిది. సబ్సిడీ నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి రూ.50 వేలు, మూడోదానికి రూ.45 వేలు ప్రామాణిక ధరగా తీసుకుంది. మీకు వచ్చిన కొటేషన్‌ను దాంతో పోల్చి, తేడా ఎందుకో అడగండి. ఎత్తు స్టాండు అయితే తేడా న్యాయమే. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో పాత పన్ను ఉందేమో చూడండి. 3 కిలోవాట్ల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండా, రెపో రేటుతో ముడిపడిన వడ్డీకి అప్పు ఇస్తున్నాయి. చేతిలో డబ్బుండి, డాబా మీదే అయితే నా ఓటు దీనికే.

రెండోది, ప్యానెళ్లు కంపెనీవో డిస్కమ్‌వో, డాబా మనది. దీన్ని రెస్కో పద్ధతి అంటారు, పీఎం సూర్యఘర్‌లో కూడా దీనికి చోటుంది. పెట్టుబడి వాళ్లది, మనం వాడిన యూనిట్‌కు ఒప్పుకున్న రేటు కడతాం. పైన దగ్గర పెట్టుకోమన్న అంకెలు ఇక్కడ కావాలి. కంపెనీ యూనిట్ రూ.4.50 అడిగిందనుకోండి. 300 యూనిట్ల ఇంట్లో మొదటి కిలోవాటుకు రూ.7.70 మిగులుతుంది కాబట్టి లాభం, రెండోదానికి స్వల్ప లాభం. మూడోదానికి యూనిట్‌కు రెండు రూపాయలు ఎదురు కట్టినట్టు. వాళ్లకు పెద్ద ప్లాంటు లాభం, మనకు చిన్నది లాభం. సంతకం పెట్టేముందు ఇవి రాతలో ఉన్నాయో లేదో చూడండి: ఏటా రేటు పెరుగుతుందా, ఎంత? ఎన్నేళ్లకు ప్లాంటు మన పేరిట మారుతుంది? మధ్యలో ఇల్లు అమ్మితే? డాబా కారుతుంటే ప్యానెళ్లు దించి ఎక్కించే ఖర్చు ఎవరిది? తుపానుకు ఎగిరిపోతే బీమా ఎవరు కట్టారు? ఉత్పత్తి లెక్క ఎవరి మీటరు ప్రకారం?

మూడోది అపార్టుమెంట్లకు. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఫ్లాట్లవాళ్లు సంఘం పేరిట లిఫ్టు, నీళ్ల మోటారు, బండ్ల చార్జింగ్ లాంటి ఉమ్మడి అవసరాలకు పెట్టుకుంటే కిలోవాటుకు రూ.18 వేలు సబ్సిడీ వస్తుంది. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన గరిష్ఠం 500 కిలోవాట్లు. అందరికీ ఒకే డాబా, అందరికీ మెయింటెనెన్స్ తగ్గుదల. అద్దెకున్నవాళ్లకూ దాని ఫలితం అందుతుంది.

నాలుగోది సహకారం. గుజరాత్‌లో ఢుండీ అనే ఊళ్లో 2016లో ఆరుగురు రైతులు సంఘంగా ఏర్పడి, పొలాల్లోని సోలార్ పంపుల మిగులు కరెంటును కలిపి డిస్కమ్‌కు అమ్మారు. మనకు సహకారం కొత్త కాదు. సొసైటీలు, చక్కెర కర్మాగారాలు, డ్వాక్రా సంఘాలు చూసిన నేల ఇది. ఒకరి డాబా మీది కరెంటును పలువురి బిల్లుల్లో సర్దే వర్చువల్ నెట్ మీటరింగ్ గురించి మీ ఏఈ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. అది కుదిరేలోపు కూడా ఒక పని చేయొచ్చు. వీధిలో పది ఇళ్లు కలిసి ఒకే స్పెసిఫికేషన్‌తో కొటేషన్లు పిలిస్తే ధర తగ్గుతుంది, సర్వీసుకు మనిషి త్వరగా వస్తాడు. క్లాంప్ మీటరు, ఎర్త్ టెస్టరు, కడిగే బ్రష్షు ఒక్కోటి కొని అందరూ వాడుకోవచ్చు. ప్రతి ఇంటా కొని మూలన పడేయాల్సిన వస్తువులు కావవి.

చెరువుల రైతులకు ఒక మాట. ఆక్వా రాయితీ రేటుకు కరెంటు వస్తున్నంతకాలం ఏరేటర్ల కోసం సోలార్ పెట్టడం లెక్కకు నిలవదు. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున, ప్యానెళ్లు పనిచేసేది పగలు. రాయితీ లేనివాళ్లు మాత్రం పై పద్ధతిలోనే, తమ బిల్లు రేటుతో లెక్క వేసుకోవాలి. ఉచిత కరెంటున్న వ్యవసాయ బోరుదీ అదే సంగతి, తొందర పడక్కర్లేదు.

ఆరో మెట్టు: దరఖాస్తు, ఒప్పందం

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు చేసుకుని, జాబితాలోని విక్రేతను ఎంచుకోవాలి. 2024 నియమ సవరణ ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక అధ్యయనం అవసరం లేదు. 5 కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మరు బలపరచాల్సి వస్తే ఖర్చు డిస్కమ్‌దే. ఎవరైనా ఆ పేరుతో డబ్బు అడిగితే రసీదు అడగండి. బిగింపు, నెట్ మీటరు (వచ్చే కరెంటునూ, పోయే కరెంటునూ కొలిచేది), తనిఖీ అయ్యాక సబ్సిడీ మీ ఖాతాకే వస్తుంది. సర్వీసు, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి. తాతగారి పేరిట ఉన్న సర్వీసులు ముందే మార్పించుకోండి, ఆలస్యం అంతా ఇక్కడే జరుగుతుంది.

విక్రేతతో రాసుకునే కాగితంలో ఇవి ఉండాలి: ప్యానెళ్లు దేశీయ సెల్స్‌తో చేసినవి (లేకపోతే సబ్సిడీ రాదు), సీరియల్ నంబర్లు, ఐదేళ్ల నిర్వహణ, ఏసీ, డీసీ, పిడుగు కడ్డీలకు వేర్వేరు ఎర్తింగులు. వీటితోపాటు నేను పట్టుబట్టే షరతు ఇంకోటి: ఇన్వర్టరు యాప్‌లో యజమాని ఖాతా మన ఈమెయిల్ మీద ఉండాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ మన చేతికివ్వాలి, ఇన్వర్టరుకు మాడ్‌బస్ పోర్టు (వేరే పరికరం నేరుగా లెక్కలు చదువుకునే దారి) తెరిచి ఉండాలి, ఏ లెక్క ఎక్కడ ఉందో చెప్పే దాని రిజిస్టర్ల పట్టిక ఇవ్వాలి. ఇవి ఉంటే ఏ ఏజెన్సీ ఉన్నా లేకపోయినా హోమ్ అసిస్టెంట్ నేరుగా ఇన్వర్టరును చదువుతుంది. అమ్మేముందు ఎవరూ కాదనరు. డబ్బు కట్టేశాక అడిగితే నెలలు పడుతుంది.

మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు ఊళ్లో కరెంటు పోగానే ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది. తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో కూడా సోలార్ వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. ఇంట్లో పాత ఇన్వర్టరు బ్యాటరీ బాగుంటే ముందు దాంతోనే నెట్టుకురావడం నయం.

ఏడో మెట్టు: పెట్టాక

మొదటి బిల్లు చూసి చాలామందికి టెన్షన్ మొదలవుతుంది: "360 యూనిట్లు తయారైతే బిల్లులో 210 మాత్రమే వెళ్లినట్టు ఉందేంటి?" పగలు ఇంట్లో వాడేసుకున్న 150 యూనిట్లు నెట్ మీటరు దాకా రావు, అందుకే అక్కడ కనబడవు. ఉత్పత్తిని ఇన్వర్టరు దగ్గర, రాకపోకలను నెట్ మీటరు దగ్గర చూడాలి. నెలాఖరున రెండు అంకెలూ రాసుకోండి. ఎండ బాగున్న నెలలో ఉత్పత్తి నిరుటి అదే నెల కన్నా పదో వంతుకు మించి తగ్గితే దుమ్ము, నీడ, వదులైన కనెక్టరు, ఈ వరుసలో వెతకండి. కడగడం తెల్లవారుజామున మంచినీళ్లతోనే. ఉప్పునీటి బోరు నీళ్లు అద్దం మీద తెల్లటి మరక కడతాయి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బోల్టులు బిగించి చూసి, డాబా మీద వదులుగా ఉన్న రేకులు, కర్రలు దించేయండి. ముందు ఏసీ స్విచ్, తర్వాత డీసీ స్విచ్ ఆపండి. తుపాను వెలిశాక పగిలిన ప్యానెల్‌ను, నీళ్లలో మునిగిన తీగను ముట్టుకోవద్దు. మెయిన్ ఆపినా వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెళ్లలో డీసీ కరెంటు ఉంటుంది. ఫొటోలు తీసి బీమాకు, విక్రేతకు అదే రోజు పంపండి, ఎలక్ట్రీషియన్ వచ్చి ఇన్సులేషన్ పరీక్షించాకే స్విచ్ వేయండి.